రెండు పూటల కారు

జూన్ పదిహేడు. ఆ మధ్యాహ్నం ఉడకబెట్టిన బంగాళాదుంపలు, పైన ఉప్పూ మిరియాల పొడీ. టాక్సీ స్టాండులో కారు బానెట్టు మీద కాగితం పరుచుకుని అన్న తిన్నాడు. ఆరేళ్లయినా ఆ మిరియాల ఘాటు, పొద్దున్నే షెడ్డులోకి వచ్చి డ్రైవరు సీటు ముందుకు లాక్కునే వేళకి గొంతులోకి వస్తుంది.

సీటు ఇవాళా వెనక్కి తోసే ఉంది. తమ్ముడు పొడగరి, కాళ్లు చాపుకుని తోలతాడు. రాత్రంతా తోలి తెల్లవారుతుండగా కారు తెచ్చి పెట్టేవాడు, దిగేముందు సీటు ఒక్క గుంజు గుంజితే వాడి సొమ్మేం పోయింది? అద్దం సంగతి సరేసరి, అది షెడ్డు కప్పును చూస్తోంది. అన్న సీటు లాక్కున్నాడు, అద్దం వంచాడు, స్టీరింగు మీది చేతి జిడ్డును గుడ్డతో కసిగా తుడిచాడు. సాయంత్రం కారు అప్పగించేటప్పుడు తనూ తక్కువ తినలేదు. సీటును తన కొలత కన్నా కూడా ముందుకు, స్టీరింగును రాసుకునేదాకా జరిపి దిగుతాడు. ఎక్కబోయిన తమ్ముడి మోకాలు ఠంగున కొట్టుకున్న చప్పుడు గోడ అవతల్నుంచి వినిపిస్తే, ఆ పూట అన్నం హితవుగా ఉంటుంది.

తాళం తిప్పాడు. కారు దగ్గింది, మూలిగింది, ఊరుకుంది.

ఆ అన్నదమ్ములిద్దరికీ ఒకటే టాక్సీ. పగలు అన్నది, రాత్రి తమ్ముడిది. ఇల్లూ ఒకటే, మధ్యలో షెడ్డు, అటొక వాటా, ఇటొక వాటా. భార్య పోయాక అన్న పొయ్యి వెలిగించడం మానేశాడు. మరదలు మూత పెట్టిన గిన్నె షెడ్డు గోడ మీద ఉంచి, గరిటెతో రెండు దెబ్బలు కొట్టి, మొహం చూపించకుండా వెళ్లిపోతుంది. ఎంత రచ్చ జరిగిన రోజైనా ఆ గరిటె చప్పుడు తప్పలేదు. అతను గమనించకపోలేదు. పైకి అనలేదు, అంతే.

రచ్చ ఒక్క మాట దగ్గర మొదలైంది. వాళ్లకు పెదనాన్న కొడుకులు మరో ఇద్దరు ఉండేవారు. తమ్ముడికి ముగ్గురూ అన్నలే కనుక ఒకడు దర్జీ అన్న, ఒకడు బడి అన్న, ఇతను డ్రైవరన్న. లైసెన్సు చేతికొచ్చిన రోజు నుంచీ ఆ పిలుపే. ఆ జూన్ పదిహేడున దుంపలు తిని చేయి కడుక్కుంటుంటే, ఇంటికి ఫోను చేసి టాక్సీ పిలిపించుకున్న ఒకావిడ పెద్ద పెట్టెతో వచ్చి ఎక్కింది. సర్దుకుని కూర్చుని, మెచ్చుకోలుగానే అంది.

"మీ ఓనరు మంచివాడయ్యా. కారు కావాలి అనగానే, 'మా డ్రైవర్ని పంపిస్తానమ్మా' అన్నాడు."

ఓనరు! వాడికి క్లచ్చు ఏదో బ్రేకు ఏదో చెప్పిందే తను. అన్న ఆవిడను దింపి ఇంటికొచ్చాడు. తమ్ముణ్ణి అడగలేదు. అడగడం తన పెద్దరికానికి తక్కువనిపించింది. మర్నాడు పొద్దున తమ్ముడు తాళం ఇవ్వబోతే వంగి దండం పెట్టి, "తమరు లోపలికి దయచెయ్యండి ఓనరుగారూ" అన్నాడు. తమ్ముడు హాస్యమనుకుని నవ్వాడు. రెండో రోజూ నవ్వాడు. తర్వాత నవ్వు మానేసి, "అలాగేనండీ" అన్నాడు. ఆ ఇంట్లో 'నువ్వు' అనే మాట ఆ రోజుతో చచ్చిపోయింది. ఒక కడుపున పుట్టిన ఇద్దరు, బదిలీ మీద వచ్చిన ఆఫీసర్లలాగా మీరూ తమరూ అనుకుంటూ ఇన్నేళ్లు నెట్టుకొచ్చారు. కలిసి బతకడానికి వేరే కారణం లేదు. కారును రెండుగా కొయ్యలేరు.

కానీ నిన్న మెకానిక్కు చేతులెత్తేశాడు. "దీనికి నా దగ్గర మందు అయిపోయింది మాస్టారూ, ఇంకోటి చూసుకోండి" అన్నాడు. అన్న ఆ మాటకి దిగులు పడలేదు. పాత కారు పోతే పొత్తూ పోతుంది. ఇప్పుడు కొనేది సెకండ్‌హ్యాండే కావచ్చు, కానీ తన ఒక్కడి పేరనే ఉండాలి. రాత్రీ పగలూ తనదే. ఇవాళ ఇద్దరూ కారు చూడ్డానికి వెళ్తున్నారు, అక్కడే ఆ ముక్క తమ్ముడి మొహాన చెప్పెయ్యాలి. చాలా కాలానికి అతను హుషారుగా నిద్ర లేచాడు.

తమ్ముడు వాటాలోంచి వచ్చాడు. రాత్రి తోలిన కళ్లు ఎర్రగా వాచి ఉన్నాయి.

"స్టార్టవట్లేదా అండీ?"

"తమరు రాత్రి దీనికేం తాగించారో, లేవనంటోంది."

"నిన్న మిట్టమధ్యాహ్నం నడిరోడ్డు మీద మీ చేతుల్లోనే పడుకుందట. స్టాండులో చెప్పుకుంటున్నారు."

"ఓహో, స్టాండులో తమరికి వేగులవాళ్లు కూడా ఉన్నారా!"

మరదలు వాకిట్లోంచి అరిచింది. "నోళ్లతో తోస్తే కదలదది. చేతులతో తొయ్యండి!"

అన్న స్టీరింగు పట్టాడు, తమ్ముడు వెనక చేరాడు. "తోయండి ఓనరుగారూ, ఓనరు చెయ్యి పడితే గాని దీనికి కదలిక రాదు" అని అన్న కిటికీలోంచి తల బయటపెట్టి అన్నాడు. పల్లంలోకి దొర్లాక ఇంజను అందుకుంది. తమ్ముడు రొప్పుతూ పరుగెత్తుకొచ్చి వెనక సీట్లో, కిరాయి మనిషిలా కూర్చున్నాడు. దారంతా కారు మాత్రం ఏదో ఒకటి గొణుగుతూనే ఉంది.

పాత కార్ల యార్డు ఊరి చివర. వాన నీళ్లు నిలిచిన మట్టి నేల, వరుసగా నిలిపిన కార్లు, అద్దాల మీద సున్నంతో రాసిన అంకెలు. ఒక మూల రేకుల గది, దాని ముందు ఒకే ఒక్క ప్లాస్టిక్ కుర్చీ. యజమానిని అందరూ పాలిష్ అంటారు. కార్లకే కాదు, చెప్పే మాటకీ, చేతి ఉంగరాలకీ, చివరికి బట్టతలకీ మెరుపు పెడతాడని. ఒక ముసలాయన గొట్టంతో కార్లు కడుగుతున్నాడు.

మొదట చూపించింది తెల్లది. తలుపు తీయగానే సెంటు వాసన మొహాన కొట్టింది. తమ్ముడు కింద పరిచిన చాప ఎత్తి వాసన చూశాడు. అదే క్షణాన అన్న డిక్కీలో చెయ్యి పెట్టి తడి తడిమాడు. నీళ్లలో మునిగి తేలిన బండి. ఒకరి మొహం ఒకరు చూసుకోకుండానే ఇద్దరూ తలుపులు ఒకేసారి మూసేశారు. ఈ ఒక్క పనిలో తమకింకా మాటలక్కర్లేదన్న సంగతికి అన్నకు ఒళ్లు మండింది.

రెండోది ఎర్రది. "ఇంటికీ మార్కెట్టుకీ తప్ప తిరగలేదండీ" అన్నాడు పాలిష్.

"మరి పెడలు రబ్బరు బోడిగుండులా ఉందేం?" అన్నాడు అన్న.

"ఒకావిడ తోలేదండీ, చెప్పుల్లేకుండా. మెత్తటి పాదం."

"మెత్తటి పాదానికి ఇంత అరిగిందా? ఆవిడది పాదమా, ఆకురాయా?"

తమ్ముడు ఫక్కున నవ్వి, వెంటనే దగ్గులోకి దించేశాడు. అన్న అటు చూడలేదు.

మూడోది బూడిద రంగుది. ఒక తలుపు సొట్ట పడింది, మెరుపు లేదు. "అది మీ కంటికానదులెండి" అన్నాడు పాలిష్, చూపించడం ఇష్టం లేనట్టు. తమ్ముడు దాని చుట్టూ తిరిగాడు, కింద పడుకుని చూశాడు, లోపల కూర్చుని ఇంజను తిప్పి చెవి ఒగ్గాడు. దిగి వచ్చి పాలిష్‌తో అన్నాడు.

"ఆయన్ని ఒకసారి కూర్చోమనండి. సీటు ఎత్తుగా ఉంది. ఎక్కేటప్పుడు మోకాలు వంచక్కర్లేదు."

అన్న మోకాలు ఈమధ్య మెట్ల దగ్గర ఇబ్బంది పెడుతోంది. ఎవరికీ చెప్పలేదు. వీడికెలా తెలిసింది?

"ఓనరుగారినే తేల్చుకోమనండి. నాదేముంది, తోలమంటే తోలతాను" అన్నాడు అన్న, కారు ఫెండరు రేకు మీద చెయ్యి వేసి.

పాలిష్‌కి అంతటితో లెక్క తేలిపోయింది. పొట్టి మనిషిని వదిలేసి పొడుగు మనిషి వైపు తిరిగాడు. "రండి సార్, రండి. ఓనరుగారికి ఆ కుర్చీ తుడవ్వయ్యా ముసలాయనా!"

తమ్ముడు కుర్చీ దాకా వెళ్లలేదు. "కుర్చీ ఆయనకెయ్యండి. మా డ్రైవరన్న. ఆయన సరేనంటేనే బేరం."

గొట్టంలో నీళ్లు హోరుమంటున్నాయి. పాలిష్ గది వైపు మొహం తిప్పి గట్టిగా కేకేశాడు. "టీ ఒకటే పట్రా! రెండో ఆయన డ్రైవరంట, బయటే ఉంటాడు!"

అన్న చెయ్యి ఫెండరు మీద అలాగే ఉండిపోయింది. రెండు మాటలూ విన్నాడు, పలికినదీ, చేరినదీ. పక్కనే నిలబడ్డ మనిషి చెవికే 'అన్న' అందలేదు. ఫోనులో, ఎక్కడో పెట్టె సర్దుకుంటున్న ఆవిడకేం అందుతుంది? 'డ్రైవరన్నని పంపిస్తానమ్మా' అని ఉంటాడు. తన ముందు ఆ పిలుపు మానేశాడు గాని, పరాయివాళ్ల దగ్గర ఇవాళ్టికీ మానలేదన్నమాట.

కోపం పోలేదు. అది ఆనుకుని నిలబడ్డ గోడ పోయింది, అంతే. ఎటు ఒరగాలో దానికి తెలియడం లేదు.

బూడిద రంగు కారును ఒక చుట్టు తోలి చూడడానికి ఇద్దరే బయల్దేరారు. ఈసారి తమ్ముడు ముందు సీట్లో కూర్చున్నాడు. ఇంజను పిల్లి గురకలా మెత్తగా ఉంది. వంతెన దిగాక తమ్ముడే అన్నాడు.

"ఇదే తీసుకోండి. మీ పేరనే రాయించుకోండి."

అన్న పొద్దుటి నుంచీ నోట్లో నానబెట్టుకున్న మాట అది. ఎదుటివాడి నోట్లోంచి వచ్చేసరికి తనకేమీ మిగల్లేదు.

"తమరికి?"

"నేను టాక్సీ తోలడం మానేస్తున్నానండీ. రాత్రిళ్లు ఎదురొచ్చే లైట్లు పగిలిన గాజులా చీలిపోతున్నాయి. ఏడాదైంది. రాత్రి తోలితే ఎవరినో ఒకర్ని గుద్దుతావన్నాడు డాక్టరు. మా బావమరిది ఊళ్లో ఫ్యాక్టరీ వ్యాను ఉంది, పగటి డ్యూటీ. ఇవాళే వెళ్తున్నాం. సామాను కట్టేసింది మీ మరదలు."

"ఏడాదిగా చెప్పలేదేం? పగలు..."

"పగలు మీది కదండీ. మీ పగలు మిమ్మల్నెలా అడుగుతాను?"

జవాబు సిద్ధంగానే ఉంది. పగలు నువ్వు తీసుకో, రాత్రి నేను తోలతాను. ఇంతే. చిన్నపిల్లాడు కూడా చెప్పగలిగిన మాట. వెనక లారీవాడు హారను మీద చెయ్యి తియ్యడం లేదు. అన్న గేరు మార్చాడు, గొంతు సవరించుకున్నాడు. ఇన్నేళ్ల అలవాటు ముందు దూకింది.

"తమరి ఇష్టం."

బేరం కుదిరింది. పాత కారును పాలిష్ బదులుగా తీసుకున్నాడు. "నా సగం దాన్లోనే ఉంది, అది మీ కింద జమ వేసుకోండి" అని తమ్ముడు సంతకం పెట్టి, బస్సెక్కి ఇంటికి వెళ్లిపోయాడు. ఎక్కించుకు తీసుకెళ్తానని అన్న అనలేదు. అనాలని అనుకునేలోపే బస్సు కదిలింది.

ఆ రోజంతా అతను కొత్త కారులో కిరాయిలు తోలాడు. కారు ఎక్కడా ఆగలేదు, దగ్గలేదు. ఎక్కిన ప్రతివాళ్లూ బండి బావుందన్నారు. అతనికి ఎక్కడో ఒకచోట అది ఆగిపోతే బాగుండుననిపించింది. తోయడానికి ఎవర్నైనా పిలవాల్సి వచ్చేది. ఖాళీ దొరికినప్పుడల్లా పెదవులు కదిలించి, చెప్పవలసిన మాట చెప్పి చూసుకున్నాడు. 'నువ్వు' దగ్గర ప్రతిసారీ నాలుక మడత పడింది.

పొద్దు వాలుతుండగా ఇంటికి వచ్చేసరికి వాకిట్లో సామాను వ్యాను ఉంది. మంచం కాళ్లు ఆకాశం వైపు చూస్తున్నాయి. తమ్ముడు తాడు బిగిస్తున్నాడు. అన్న నేరుగా అక్కడికి వెళ్లలేక, గిన్నెలు సర్దుతున్న మరదలి దగ్గర ఆగాడు.

"ఏమ్మా, రాత్రిళ్లు నేను తోలగలను. పగలు వాణ్ణి తీసుకోమను."

ఆమె గిన్నె దించి, నడుం మీద చెయ్యి వేసి నిలబడింది.

"ఇప్పుడా బావగారూ? తెల్లారి కారు దిగి గోడ తడుముకుంటూ లోపలికొచ్చేవాడు మీ తమ్ముడు. ఆ గోడకవతలే ఉన్నారు మీరు. తమరు, తమరు, తమరు! నా చెవులు కాయలు కాశాయి. మేం చేసిన తప్పేంటో నాకూ తెలీదు, ఆయనకీ తెలీదు. నేనడుగుతానంటే వద్దన్నాడు, 'అన్నే చెప్తాడులే' అని. చెప్తే మీ నోటి ముత్యాలు రాలిపోయేవా?"

అతని దగ్గర ఉన్న ముత్యం ఒక్కటే. ఎవరో ఒకావిడ ఒక మాట సగం విన్నది. అది ఇప్పుడు బయటపెడితే ఈమె నవ్వుతుందో, ఆ గరిటె విసిరికొడుతుందో. అతను తల దించుకున్నాడు.

ఆమె మూత పెట్టిన గిన్నె ఒకటి తెచ్చి అతని చేతుల్లో దాదాపు పడేసింది. "రేపు పొద్దుటికి కూడా వస్తుంది. వేడి చేసుకోకుండా తినకండి. పొయ్యి వెలిగించడం వచ్చుగా?"

వ్యాను ఇంజను మొదలైంది. తమ్ముడు పైకి ఎక్కబోతూ వెనక్కి తిరిగాడు.

"వస్తానండీ."

"వెళ్లు" అన్నాడు అన్న.

అండీ లేదు, తమరూ లేదు. మెట్టు మీద పెట్టిన తమ్ముడి కాలు ఆగింది. అన్నకి ఆ మాట తన చెవికే కొత్తగా వినిపించింది. ఇంజను హోరులో అది ఎలా చేరిందో, దగ్గరికి తీసుకున్నట్టు చేరిందో, పొమ్మని గెంటినట్టు చేరిందో, మొహం చూసి తెలుసుకుందామంటే వెలుతురు చాలలేదు. తమ్ముడు తల ఊపాడు. ఎక్కాడు. వ్యాను మలుపు తిరిగింది.

అవతలి వాటా తలుపు బార్లా తీసి ఉంది. అన్న ఆరేళ్ల తర్వాత ఆ గడప దాటాడు. పడకగదిలో మంచం ఉన్నచోట నాలుగు కాళ్ల గుర్తులున్నాయి. షెడ్డు వైపు కిటికీకి ఒక నల్లటి దుప్పటి మేకులతో బిగించి ఉంది, పగలు పడుకునేవాడి కంట్లో ఎండ పడకుండా. మేకులు ఊడక వదిలేసినట్టున్నారు. మంచం మీద ఒత్తిగిలి పడుకున్న మనిషి కంటి ఎత్తున దానికొక చిల్లు ఉంది. చిరిగింది కాదు, కత్తిరించింది. విప్పుకుపోకుండా అంచు చుట్టూ నల్లదారంతో ఓపిగ్గా కుట్టారు. అన్న మోకాలి నొప్పిని ఓర్చుకుంటూ కూలబడి, కన్ను ఆనించి చూశాడు. పగలంతా బయటికి వెళ్లిన కారు తిరిగొచ్చి నిలబడే చోటు, తను రోజూ ఎక్కీ దిగే పక్క, కనిపించింది. అక్కణ్ణుంచి మరేమీ కనబడదు.

గోడ పట్టుకుని లేచాడు. లోపల ఇంకా ఎవరో నిద్రపోతున్నట్టుగా, చప్పుడు కాకుండా తలుపు దగ్గరికి వేసి గడియ పెట్టాడు. ఖాళీ గదిలో దుప్పటి కిటికీకి అలాగే బిగిసి ఉంది, అప్పుడే వెలిగిన వీధిదీపం వెలుగు ఆ కుట్టిన చిల్లులోంచి గోళీకాయంత గుండ్రంగా నేల మీద పడుతూ.