మిరపకొట్టు బావి

జార్జి టౌన్‌లో కోదండరాం గారి మిరపకాయల కొట్టు ముందు, ఇల్లు వెనక. రెంటికీ నడుమ పెరడు, పెరట్లో బావి, బావిలో ఒక తాబేలు. నీళ్లలో పురుగూ పుట్రా లేకుండా తినేస్తుందని ఆయన తల్లి బతికుండగా తెచ్చి వదిలింది. ఆవిడ పోయినా తాబేలు ఉంది. ఆయన భార్య కస్తూరి రోజూ మధ్యాహ్నం తాను తినేముందు ఒక అన్నం ముద్ద బావిలో వేసేది. అది తేలి వచ్చి తినిపోయాకే ఆమెకు ముద్ద దిగేది.

పోయిన ఏడు వానలకు ముందు కోదండరాం గారికి ఒక బుద్ధి పుట్టింది. నేల చెమ్మకు బస్తాలు బూజు పడుతున్నాయని పెరడంతా సిమెంటు చేయించారు. మేడమీద నుంచి దిగే వాన నీటిని బావి పక్కగా గొట్టం వేయించి, నేరుగా వీధి కాలువలోకి తోలేశారు.

"నేలలోకి చుక్క దిగకపోతే బావి ఏమైపోతాదండీ?" అని కస్తూరి అప్పుడే అడిగింది.

"బావికి నీళ్లు కిందనించి ఊరతాయే, పైనించి ఎవరన్నా పోస్తారా?" అని ఆయన నవ్వేశారు. వ్యాపారంలో ఆయన అంచనా తప్పడం ఆమె ఎప్పుడూ చూడలేదు. అందుకని ఊరుకుంది.

ఈ ఎండాకాలం బావి ఎండిపోయింది. వీధి వీధంతా ట్యాంకరు లారీ కోసం బిందెలు వరస పెట్టుకుని కూర్చుంది. కొట్లో పనిచేసే కన్నియప్పన్ బావిలోకి దిగి, అడుగు బురదలోంచి తాబేలును పైకి తెచ్చాడు. దాన్ని ఇత్తడి గంగాళంలో ట్యాంకరు నీళ్లు పోసి పెట్టారు. అది తల బయటికి తియ్యలేదు. ముద్ద వేస్తే అలాగే నాని పాడైపోయేది. కస్తూరికి కూడా తిండి సయించడం మానేసింది.

"ఇది ఈడుంటే చచ్చిపోతుందిమా. గిండీ పాముల పార్కులో ఇచ్చేద్దాం. ఇట్లా పెట్టుకుంటే కేసు కూడా, తెలుసా?" అన్నాడు కొడుకు కళ్యాణ్.

"వాన పడిందాకా ఉండనీరా."

"పడితే మాత్రం? నీళ్లన్నీ కాలువలోకే కదా పోతాయి!"

ఆ మాట కోదండరాం గారి చెవిన పడనే పడింది. పేపరు మడిచి లేచారు. "ఆదివారం తీసకపోయి ఇచ్చేయ్‌రా" అని గుమ్మంలోంచే అనేసి కొట్లోకి వెళ్లిపోయారు. కస్తూరికి ఒళ్లు మండింది. తప్పు చేశానన్న మాట ఆయన నోటికి బొత్తిగా అలవాటు లేదు పాపం, ఏం చేస్తారు?

శనివారం మధ్యాహ్నం, ఎవరూ అనుకోకుండా వాన దంచికొట్టింది. వీధిలో జనం కేకలు పెడుతూ బకెట్లు, డేకిసాలు, ఆఖరికి చెంబులు కూడా బయటపెట్టారు. కస్తూరి పెరట్లో తడుస్తూ నిలబడింది. మేడమీది నీళ్లు గొట్టంలో హోరుమంటూ కాలువకు పోతున్నాయి. ఆ గొట్టంమీద చెయ్యి వేసుకుని ఆమె ఏడ్చేసింది.

అంతలో పంచె ఎగగట్టుకుని, గడ్డపార పట్టుకుని కోదండరాం గారు వచ్చారు. గొట్టాన్ని బావి దగ్గర పగలగొట్టి, విరిగిన మూతిని బావి గట్టుమీదికి తిప్పారు. నీళ్లు బావిలోకి దూకాయి.

ఎర్రగా దూకాయి.

ముందు ఆయన తుమ్మారు, తర్వాత ఆమె తుమ్మింది. "అయ్యయ్యో, మేడమీద కాయలు ఆరబోసినారు కదండీ!"

చినుకు పడితే చాలు, పళ్లెం ముందునుంచైనా లేచి పరుగెత్తే మనిషి ఆయన. అలాంటి మనిషి మిరపకాయలే మరిచిపోయారు. ఎన్నో నెలల తర్వాత కస్తూరికి నవ్వు వచ్చింది. కానీ నవ్వి లాభం లేదు. బావి అడుగున ఇప్పుడున్నది మిరపచారు, తెల్లవారితే ఆదివారం.

"ఇంకేంపా, పార్కే" అన్నాడు కళ్యాణ్.

"నువ్వు పోయి మేడ చిమ్మురా" అని కసిరి, కోదండరాం గారు గొట్టాన్ని మళ్లీ పక్కకు తిప్పి, చేద అందుకున్నారు. పుట్టి బుద్ధెరిగి ఆయన నీళ్లు తోడింది లేదు. కస్తూరి తాడు రెండో కొస పట్టుకుంది. ఇద్దరి చేతులూ మంటెత్తాయి. పక్కింటి కాళియమ్మ గోడమీద నుంచి తొంగిచూసి, "ఏం చెట్టియారే, రసం కాస్తా ఉండారా?" అని వేళాకోళం చేసి, తర్వాత తానూ వచ్చి ఒక చెయ్యి వేసింది. అడుగు కనిపించేదాకా తోడారు. సాయంత్రం వాన మళ్లీ అందుకుంది. కడిగిన మేడమీది నీళ్లు కాసేపు బయటికి పోనిచ్చి, అప్పుడు గొట్టాన్ని బావికి తిప్పారు.

ఆదివారం పొద్దున కళ్యాణ్ బుట్ట తెచ్చేసరికి బావిలో మోకాటి లోతు నీళ్లున్నాయి. కోదండరాం గారు ఒక చేద తోడి, దోసెడు నీళ్లు నోట్లో పోసుకుని, కాయ ఘాటు చూసే బేరగాడిలా కళ్లు మూసుకుని నాలుకమీద నిలిపారు. ఉమ్మేసి, "కారం లేదు. దించు" అన్నారు.

కస్తూరి తాబేలును చేదలో పెట్టింది. ఆయనే తాడు వదిలారు. అది నీళ్లలోకి జారి, ఓ క్షణం కదలకుండా ఉండి, మెడ చాచి ఈదింది. కస్తూరి ముద్ద వేసింది. అది వచ్చి నోట కరిచింది. ఆమెకు కళ్లు నిండిపోయాయి.

కోదండరాం గారు బావిలోకి వంగి, తాబేలుతో చెబుతున్నట్టు గొణిగారు. "నాదే తప్పు."

"నాకు వినపళ్లా," అంది కస్తూరి కళ్లు తుడుచుకుంటూ. "ఇంకోతూరి అనండి."

ఆయన తిరిగి చూడలేదు. కానీ మళ్లీ అన్నారు, ఈసారి కాళియమ్మకు కూడా వినపడేంత గట్టిగా.