నిలబడి చూసిన గాలి

గాలి అప్పుడే పడిపోయిందేమో, ఇంత మంచి గాలి ఇంత తొందరగా ఎటు పోయింది, ఇప్పటిదాకా తెరచాపను పొంగిన పూరీలా ఉబ్బించి భుజాలు లాగేసిన గాలి ఇప్పుడు మెడ మీది చెమటను కూడా ఆరబెట్టడం లేదు, అనుకుంది అలేఖ్య, అనుకుని నవ్వుకుంది కూడా, గాలి లేకపోతేనేం, తాను సముద్రం మీద నిలబడి ఉంది, మరిపెడలో ఎరువుల దుకాణం వాళ్ళ పిల్ల, వాన నీళ్ళు మోకాళ్ళ దాకా వస్తేనే గోడ పట్టుకుని నడిచే పిల్ల, తెరచాప పిడి పట్టుకుని బోర్డు మీద రెండు కాళ్ళతో నిలబడి ఉంది, ఈ సంగతి ఇంటికి పోయాక చెబితే నాయిన నమ్మడు, ఫోటో చూపించినా మార్చిన ఫోటో అంటాడు, అదిగో సాక్షి ఉన్నాడుగా, ఒడ్డున ఎర్రచొక్కాలో అజిత్, పెళ్ళై నెలే అయింది, భూపాలపల్లిలో వాళ్ళ అద్దె గది ముందు దండెం మీద ఆ ఎర్రచొక్కా తన పసుపు చున్నీ పక్కన ఆరుతుంటే ఊరికే చూడటానికి ఎన్నిసార్లు గుమ్మంలోకి వచ్చేదో, ఇప్పుడూ ఆ చొక్కా సరిగ్గా తనకు ఎదురుగానే ఉంది, ఇందాకా ఎదురుగానే ఉంది, అంటే తాను కదలడం లేదు, గాలి లేదు, కాసేపు హాయిగా ఇట్లాగే నిలబడొచ్చు, అతను చేతులు ఊపుతున్నాడు, ఆమె కూడా ఒక చెయ్యి వదిలి ఊపింది, అబ్బ ఎంత ప్రేమ ఈ మనిషికి, రెండు చేతులూ ఎత్తి మరీ ఊపుతున్నాడు.

హాయి అన్న మాట పొద్దున ఎవరో అన్నారే, శాంతి మేడం అంది, వాళ్ళకు ఇది నేర్పుతున్న ఆమె, దిగే ముందే ఇసకలో నిలబడి గాలి చూడండమ్మా, నీళ్ళ మీదకెళ్ళాక ఒంటికి తగిలే గాలిని నమ్మకండి, ఆటు మొదలై సముద్రం వెనక్కి తీసిందంటే నీరు అటు మొగ వైపు లాగుద్ది, ఏరు సముద్రంలో పడే చోటు, గాలి కూడా అటే వీసిందనుకోండి, నీరూ గాలీ మీరూ అందరూ కలిసే వెళ్తారు, ఏమీ తెలీదు, భలే హాయిగా ఉంటది, ఆ హాయికే భయపడాలి, అంది, గట్లెట్ల తెల్వదు మేడం అని అజిత్ అడిగితే గట్లెట్ల అన్న మాటకు ఆమెకు నవ్వొచ్చింది, మీ మాట భలే ఉంటదండీ అంది, సినిమాలల్ల నవ్వింది సాల్లేదా మేడం, మల్ల మీరు గూడనా, అని అలేఖ్య అంటించేసరికి మేడం నాలుక కరుచుకుని చాయ్ తెప్పించింది, ఆ చాయ్, ఆ నవ్వులాట, చున్నీ అజిత్ మెడలో వేసి లైఫ్ జాకెట్ తొడుక్కోవడం, గట్లెట్ల తెల్వదు అన్నదానికి జవాబు మాత్రం అట్లాగే ఉండిపోయింది.

ముందు నుంచి ఏదో వస్తోంది, వలలు వేసేవాళ్ళ బెండు, తెల్ల థర్మకోల్ ముక్కకు వెదురుకర్ర గుచ్చి పైన నల్లగుడ్డ కట్టారు, రెండు పక్కలా మీసాల్లా నీళ్ళు చీల్చుకుంటూ తన మీదికి పరుగెత్తుకొస్తోంది, మోటారు పెట్టారా దీనికి అనుకుని నవ్వబోయి ఆగింది, అడుగున రాయి కట్టి దించిన బెండు ఎట్లా పరుగెత్తుతుంది, అది ఉన్నచోటే ఉంది, వస్తున్నది తాను, తన కింది నీరంతా వస్తోంది, దాని మీది నల్లగుడ్డ కొసను ఎవరో పట్టి లాగినట్టు సాగి ఫటఫటా కొట్టుకుంటోంది, గాలి లేదని ఎవరన్నారు, జనగామ నుంచి తరిగొప్పుల పోతూ బండి మీద వెనక కూర్చుని తానే అంది, పెళ్ళైన వారానికి, గాలే లేదు బావా, చున్నీ గూడ కదుల్తలేదు, అత్తమ్మకు ఫోన్ చెయ్యి, అని, అతను బండి నడుపుతూనే చెవిలో ఫోను ఇరికించుకుని, అమ్మా ఇయ్యాల గాలి లేదు, కందులు తూర్పార పట్టుడు కాదు, ఇంటికి పో, అన్నాడు, తీరా కల్లం దగ్గర దిగేసరికి వనమాలత్త ముక్కాలి పీట మీద నిలబడి చాటలోంచి కందులు జారవిడుస్తోంది, గింజలు కాళ్ళ దగ్గర, పొట్టంతా ఎగిరి నేరుగా వీళ్ళిద్దరి నోళ్ళలో, గాలిని ఎంబడేసుకొని దాంతోపాటే ఉరికొస్తే గాలేం దొరుకుతదిరా, నిలవడి సూడాలె బిడ్డా, అని అత్త పీట మీద ఊగిపోయేట్టు నవ్వింది, వాళ్ళు పొట్టు ఉమ్ముకుంటూ నవ్వారు.

కాని అజిత్ ఎదురుగానే ఉన్నాడే, ఎట్లా ఉన్నాడు, అప్పుడు చూసింది చొక్కాను కాదు, చొక్కా వెనక ఉన్నవాటిని, ఇందాక అక్కడ రంగుల గొడుగులు ఉండేవి, ఇప్పుడు సరుగుడు చెట్లు, చెట్లు అయిపోయి ఏదో గోడ, అయ్యో ఈ మనిషి ఉరుకుతున్నాడు, ఇసకలో పడుతూ లేస్తూ తనతో సమానంగా ఉరుకుతున్నాడు, ఊపింది ప్రేమ కాదు భయం, భయం కూడా ప్రేమే కదా, ఇప్పుడా ఆ ఆలోచన, ముందు గోధుమరంగు గీత, గీత అవతల అలలు ఒకదాని మీద ఒకటి విరిగి పడుతున్నాయి, అదే మొగ, అక్కడికి చేరితే ఏటి నీరు ఇంక పక్కకు కాదు, లోపలికి తోస్తుంది, ఎటు తిప్పాలి, బయలుదేరిన చోటికా, అంతలో ఎర్రచొక్కా ఆగిపోయింది, ఏందిది, ఆగిండేంది, అలసిపోయిండా, నన్ను వదిలేసిండా, చొక్కా వెనక్కి జారిపోతోంది, ఎంత వేగంగా జారుతోంది, ఓరి దేవుడా నేను ఇంత వేగంగా పోతున్ననా, అతను కాళ్ళు ఎడంగా పాతుకుని తన పసుపు చున్నీని ఒక కొసన పట్టి తలపైకెత్తి నిలబడ్డాడు, చున్నీ పొడుగునా చాచుకుని మొగ వైపే చూపిస్తోంది, అతనికి కూడా కల్లమే గుర్తొచ్చింది, కచ్చితంగా కల్లమే, ఆ గాలే అతని కేకను మోసుకొచ్చింది, అలేఖ్యా, నా దిక్కు రాకు, సక్కగ ఒడ్డుకు తిప్పు, ఏడ తేలితే ఆడ తేలు.

తిప్పింది, బోర్డు ముక్కు ఒడ్డు వైపు తిరగడంతోనే చచ్చిపోయిందనుకున్న గాలి చెంప మీద చెళ్ళున కొట్టింది, ఇదీ అసలు గాలి, తెరచాప నిండింది, చేతులు ఊడిపోయేట్టు లాగింది, వదలలేదు, వెనక్కి వాలి బరువంతా మడమల మీద వేసి, నీరు తనను పక్కకు ఈడుస్తుంటే ఈడవనీ, ఒడ్డు మాత్రం దగ్గరవుతోంది, గోడ పోయింది, పడవలు వచ్చాయి, ఎండుచేపల వాసన వచ్చింది, అబ్బ ఎంత మంచి వాసన, గోధుమరంగు నీరు బోర్డు అంచును తాకుతుండగా కింద ఇసక కర్రుమంది, మోకాలి లోతులో బోర్లా పడింది, నోటి నిండా ఉప్పు, ఉప్పూ కందిపొట్టూ రెండూ ఒకటే అనిపించి పకపకా నవ్వింది, అజిత్ ఇప్పుడు మళ్ళీ ఉరికొచ్చి జబ్బ పట్టి లేపి, పరేషాన్ జేస్తివి గదనే, నేను చేతులూపితే నువ్వు టాటా చెప్పుడేంది, అని అరిచాడు, నువ్వు పక్కపొంటి ఉరుక్కుంట వస్తే నేనేడున్ననో నాకెట్ల తెలుస్తది బావా, అంది, అతను చున్నీతో ఆమె ముఖం తుడిచాడు, బోటు వేసుకుని గాబరాగా వచ్చిన శాంతి మేడం ఇద్దర్నీ చూసి ఇంజను ఆపేసి, గట్లెట్లనో తెలిసిందా అమ్మా, అంది, ఈసారి ఆ మాటకు ముగ్గురూ నవ్వారు.

తడి ఇసకలో కూర్చుంటే వెచ్చటి ఎండ వీపు మీద, గోళ్ళలో ఇసక, పక్కన అతని మోకాలు, ప్రాణం ఎంత తేలిగ్గా ఉంది, నెల రోజులుగా ఆమె కోరుకున్నది ఇదే కదా, ఎటు పోతే అటు తన పక్కనే రావాలని, గది మారదామంటే సరే, ఉద్యోగం మానేస్తానంటే సరే, సముద్రం అంటే సరే, అన్నిటికీ సరే అంటూ పక్కన ఉరికాడు పాపం, అతను పక్కన ఉన్నంతసేపూ ఎటు కొట్టుకుపోతోందో తనకు తెలియలేదు, ఆగి నిలబడ్డాకే తెలిసింది, ఇప్పుడు నీ వంతు బావా, గాలి ఇంకా ఉంది గదా, అంటే, ఏమో, ఉందా, ఎట్ల తెలుస్తది, అన్నాడు బెదురుగా, అలేఖ్య లేచి, అతని చేతిలోంచి చున్నీ తీసుకుని, మడమలు మునిగేదాకా పాదాలను ఇసకలోకి దించి, నువ్వు పో, నేను కదల్నిక్కడి నుంచి, అంది.