మూల మడిచిన కార్డులు

ముందే చెబుతున్నాను, నన్ను ఓదార్చడానికి ఎవరూ రావొద్దు. షామీర్‌పేట ముత్తమ్మ కంప్యూటర్ వల్ల చచ్చిపోయిందని మేడ్చల్ అంతా అనుకుంటోంది. కాదు, నా వల్ల చచ్చిపోయింది. ఎలాగో చెబుతాను, విన్నాక తిట్టేవాళ్ళు తిట్టండి.

నా పేరు సుశీల. మేడ్చల్ బస్టాండు వెనక సందులో పట్టాభిరామయ్య డాక్టర్ గారి దవాఖానాలో పంతొమ్మిదేళ్ళు కార్డులు తీశాను. పదో తరగతి పాసైన ఆడపిల్లకి అప్పట్లో ఈ చుట్టుపక్కల అంతకంటే మర్యాదైన పని లేదు. మనిషికొక కార్డు, ఊరి వారీగా, ఇంటి వారీగా కట్టలు కట్టి నాలుగు చెక్క బీరువాల్లో పెట్టేదాన్ని. కార్డు మీద నంబరు ఉండేది గానీ, దాన్ని గుర్తు పెట్టుకుని చెప్పిన పేషెంటును నేనెన్నడూ చూడలేదు. "పూడూరు కుర్మయ్య కోడల్ని అక్క" అంటే చాలు. ఆమె బల్ల మీద కూర్చునేలోగా కార్డు డాక్టర్ గారి చేతిలో ఉండేది. నాకు పొగరని అనేవాళ్ళు. ఉండేది, ఎందుకుండకూడదు?

ముత్తమ్మ కొత్తగా పెళ్ళై వచ్చిన ఏడాది, తొంభై ఒకటిలో, కాలికి చీము పట్టి వచ్చింది. పెద్ద డాక్టర్ గారు పెన్సిలిన్ సూది వేశారు. రెండు నిమిషాల్లో పిల్ల పెదాలు నల్లబడ్డాయి, కళ్ళు తేలేసింది. గంటసేపు ఆయన ఆ బల్ల పక్కనే చెమటలు కక్కుతూ నిలబడి ఆమెను బతికించారు. బయటికొచ్చి నీళ్ళు తాగి, "సుశీలా, ఆ అమ్మాయి కార్డు మూల మడిచెయ్. నేను రాసింది రేపు నాకే కనపడకపోవచ్చు. మడత అయితే చేతికి తగులుతుంది" అన్నారు.

అదీ మా పద్ధతి. ఆ పెన్సిలిన్ సూది పడని ప్రతి మనిషి కార్డుకీ కుడి పైమూల లోపలికి మడత. కార్డు నిండిపోయి కొత్తది రాసినప్పుడు ముందు మూల మడిచి, ఆ తర్వాతే పేరు రాసేదాన్ని. రాను రాను ఆయన రాయడం కూడా మానేశారు. మొత్తం నలభై మూడు మడతలు. ఎవరివో నిద్రలో లేపి అడిగినా చెప్పేదాన్ని. పేషెంట్లకేమో ఆ బెంగే లేదు. "అన్ని కార్డుల ఉంటయ్, సార్‌కు ఎర్కే" అని నిశ్చింతగా ఉండేవాళ్ళు.

రెండు వేల మూడులో పెద్దాయన పోయారు. కొడుకు ఫణిభూషణ్ గారు వచ్చి కూర్చున్నారు. మంచి డాక్టరే, కాదని ఎందుకంటాను! నేను కార్డు ఇస్తూ "పెన్సిలిన్ పడదు సార్" అంటే తలూపి వేరే మందు రాసేవాడు. నాకెలా తెలుసని ఒక్కసారి కూడా అడగలేదు. నేనూ చెప్పలేదు. అడగనిదానికి ఎగబడి చెప్పడం నా ఒంటికి పడదు.

మరుసటి ఏడాది కంప్యూటర్ తెచ్చాడు. సుచిత్ర చౌరస్తా దగ్గర ఎవరిదో కంపెనీ. వాళ్ళు స్రవంతి అనే అమ్మాయిని పంపించారు. గాజులరామారం నుంచి రోజూ రెండు బస్సులు మారి వచ్చేది. నా బీరువాల పక్కన బల్ల వేసుకుని కార్డు తర్వాత కార్డు చూసి కంప్యూటర్‌లోకి కొట్టేది. నెమ్మదైన పిల్ల. మధ్యాహ్నం తన డబ్బాలోంచి నాకింత మామిడికాయ పచ్చడి పెట్టేది.

ఒకరోజు పొద్దున్నే ఫణిభూషణ్ గారు పిలిచారు. "చూడండి సుశీల గారూ, ఒకటో తారీఖు నుంచి కార్డులుండవు. మీరు గుమ్మం దగ్గర టోకెన్లు ఇద్దురుగాని. నించోవక్కర్లేదు లెండి, స్టూలు వేయిస్తాను."

స్టూలట! పంతొమ్మిదేళ్ళు చేసినదానికి స్టూలు వేయిస్తాడట! నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "సరే సార్" అని బయటికొచ్చాను.

ఆ మధ్యాహ్నమే స్రవంతి షామీర్‌పేట కట్ట విప్పింది. "ఆంటీ, కొన్ని కార్డుల మూలలు మడిచి ఉన్నయేంది? ఏమన్న గుర్తా?" అని అడిగింది.

ఆమె చేతిలో ఉన్నది ముత్తమ్మ కార్డే, పాతది నిండాక నేను రాసింది. ఒక్క మాట చెబితే అయిపోయేది.

"గుర్తేంది పిల్లా! పాత కార్డులు, పెట్టి పెట్టి మడతలు పడ్డయ్" అన్నాను.

"మల్ల గీడ అలర్జీ అని ఒకటి అడుగుతాంది ఆంటీ. ఏదో ఒకటి నింపకుంటే ముందలికి పోతలేదు. కార్డు మీద ఏం రాసి లేదు. 'లేదు' అని కొట్టాల్నా?"

"కొట్టు."

ఆ పిల్ల మూలను బొటనవేలితో సాపు చేసి, కొట్టి, కార్డు పక్కన పెట్టింది. నేను చూస్తూ కూర్చున్నాను. నా లెక్క ఒక్కటే. వారం పది రోజుల్లో ఎవరికో దద్దుర్లొస్తాయి, ఎవరో కళ్ళు తిరిగి పడతారు. అప్పుడు ఫణిభూషణ్ గారే గుమ్మం దగ్గరికొచ్చి "సుశీల గారూ" అంటారు. అప్పుడు నలభై మూడు పేర్లూ గడగడా చెప్పి, నేనెవరో చూపిస్తాను. దద్దుర్ల దాకానే ఆలోచించాను, ఒట్టు. ఛీ, అది కూడా అబద్ధమే. ముత్తమ్మ పెదాలు నల్లబడడం ఈ కళ్ళతో చూసినదాన్ని, నాకు తెలీకేం!

నెలాఖరుకు కార్డులన్నీ పాత కాగితాల బండి ఎక్కాయి. నేను స్టూలెక్కాను.

రెండో వారంలో అత్వెల్లి నుంచి బాలనర్సయ్య వచ్చాడు. ఆయనదీ మడత కార్డే. నా మనసాగక లోపలికి పోయి "సార్, ఈయనకు..." అన్నాను. అరడజను మంది ముందు ఫణిభూషణ్ గారు చెయ్యి అడ్డం పెట్టారు. "అన్నీ సిస్టమ్‌లో ఉన్నాయండీ. పేషెంట్లుండగా ఇలా లోపలికి రాకూడదు." ఆ రోజు బాలనర్సయ్యకు రాసింది కడుపునొప్పి మాత్రలే. ఏమీ కాలేదు. నాకు మాత్రం తల తీసేసినట్టయింది. ఇంకోసారి ఆ గడప తొక్కితే ఒట్టు అనుకున్నాను.

జూలైలో, వాన పడుతున్న పొద్దున, ముత్తమ్మ ఆటో దిగింది. ఆటో వాళ్ళాయన సిద్దిరాములుదే. ఆమెను దింపి, స్కూలు పిల్లల్ని ఎక్కించుకోవడానికి వెళ్ళిపోయాడు.

"మంచిగున్నవా అక్క? గీడ కూసున్నవేంది?" అంది కొంగుతో తల తుడుచుకుంటూ. "నాలుగు దినాల సంది జెరం. గొంతుల బుక్క దిగుతలేదు."

గొంతు, జ్వరం. లోపల ఏ సూది రాస్తారో నాకు తెలుసు. పదిహేడో నంబరు టోకెన్ ఆమె చేతిలో పెట్టాను. నోటిదాకా వచ్చింది. "ముత్తీ, నీకు పెన్సిలిన్ పడదని చెప్పు" అంటే సరిపోయేది. ఆయన్నే రానీ, ఆయన్నే అడగనీ అనుకున్నాను.

పరదా వెనక మాటలు నాకు వినపడుతూనే ఉన్నాయి.

"ఏదైనా మందు పడదా అమ్మా నీకు?"

"నాకేమెర్క సార్. పెద్ద సార్ అన్ని రాసిండు. అండ్ల ఉంటది సూడుండ్రి."

టకటక కొట్టిన చప్పుడు. "లేదనే ఉంది. ఇంజెక్షన్ రూముకి వెళ్ళు."

లేదని ఉన్నాక, ముందు చర్మం కింద చుక్క మందిచ్చి చూసే పని కూడా పెట్టుకోలేదు. నేను లేచాను. లేచాను గానీ, ఎప్పుడు? నర్సు రాధమ్మ సీసా తలకిందులు చేసి మందు లాగుతోందని తలుపు సందులోంచి కనపడ్డాక. స్టూలు నుంచి ఆ గదికి పన్నెండడుగులు. నేను వెళ్ళేసరికి రాధమ్మ దూదితో రుద్దుతోంది. ముత్తమ్మ నన్ను చూసి నవ్వబోయి, గొంతు పట్టుకుంది.

ఫణిభూషణ్ గారు చేయగలిగిందంతా చేశారు, అబద్ధమెందుకు! తన కారులోనే పడుకోబెట్టుకుని పట్నం వైపు తోలారు. సుచిత్ర చౌరస్తా రాకముందే ఊపిరి ఆగిపోయింది.

సాయంత్రం ఆయన నన్ను గదిలోకి పిలిచారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "ఆవిడకి పడదని మీకు తెలుసా?"

"కార్డు మీద ఉండె సార్" అన్నాను.

అబద్ధం కాదు కదా! కార్డు మీద మడత ఉంది. ఆ మాటతో ఆయన తేల్చేసుకున్నారు. ఉన్నది చూడకుండా ఆ పిల్ల లేదని కొట్టేసిందని కంపెనీకి ఫోన్ చేశారు. వాళ్ళు స్రవంతిని ఆ రోజే పనిలోంచి తీసేశారు. చూద్దామంటే కార్డులా, బండెక్కి ఎటు పోయాయో ఎవరికీ తెలియదు.

మూడో రోజు కంప్యూటర్ పక్కన నాకు కుర్చీ వేశారు. "ఇకనుంచి మీరిక్కడే కూర్చోండి సుశీల గారూ. ప్రతి పేషెంటుకీ ముందు మీరు సరే అన్నాకే నేను మందు రాస్తాను" అన్నారు. మిగిలిన నలభై రెండు పేర్లూ నేను చెబుతుంటే ఆయనే స్వయంగా కొట్టుకున్నారు. నేను కోరుకున్నది అక్షరం పొల్లుపోకుండా నా చేతికి వచ్చింది.

నెల తిరగకముందే సిద్దిరాములు వచ్చాడు. చేతిలో కూతురు భవిత. తొమ్మిదేళ్ళది, ఒళ్ళు కాలిపోతోంది. నన్ను ఆ కుర్చీలో చూసి గోడకు చేరగిలబడ్డాడు.

"నువ్వు లోపల్నే ఉన్నవా అక్క! జర ధైర్యమొచ్చింది. అప్పుడు గూడ నువ్వు గీడ ఉంటే మా ముత్తి బతుకుతుండె." పిల్లను ఇంకో భుజం మీదికి మార్చుకున్నాడు. "గా టైపు జేసిన పోరి కార్డు సక్కగ సూడకనే కొట్టిందట గదా? దాని చేతులు పడిపోను! గాజులరామారంల ఉంటదట. ఒక్కపారి పోయి మొకం మీద ఉమిసొస్త. నిజమేనా అక్క, అదే జేసిందా?"

ఫణిభూషణ్ గారు కాగితం మీద నుంచి తలెత్తి నా వైపు చూశారు. బల్ల మీద ముగ్గురు పేషెంట్లున్నారు. భవిత నిద్రమత్తులో నా గాజులు పట్టుకుంది.

"నిజమే తమ్మీ" అన్నాను.