పది పెన్నీల సంచి

"సంచికి పది పెన్నీలా? పట్టపగలు దోపిడీ!" అంటూ పొద్దున ముసలి ఎమ్లిన్ సూపర్‌మార్కెట్లో నా కౌంటర్ ముందు అరిచాడు.

"రూలు నేను పెట్టానా పెద్దాయనా? ఇంట్లో సంచుల్లేవా?" అని కసిరాను. గొణుక్కుంటూ కొన్నాడు.

సాయంత్రం డ్యూటీ దిగి, ఇంటి దగ్గరి కొట్టుకు వెళ్లాను. "సంచి కావాలా?" అంది అక్కడి పిల్ల. మా సింకు కింద నలభై ఉన్నాయి. ఇంకోటి కొనాలా? ఒళ్లు మండి వద్దన్నాను. పాలు చంకలో, రొట్టె గడ్డం కింద ఇరికించుకుని, గుడ్లు రెండు చేతులా పట్టుకుని గుమ్మం దాకా నడిచాను. బయట మా స్వాన్సీ ఊరి ఎడతెగని వాన.

ఎదురుగా ఎమ్లిన్. నవ్వలేదు. కోటు జేబులోంచి సంచి తీసి, మూతి విప్పి పట్టుకున్నాడు.

"వెయ్యమ్మా. పొద్దున నువ్వు నాకు అంటగట్టిందేలే."