మూడు చక్రాల పగ

నేను ఒక సూట్‌కేసును. ముదురు ఎరుపు రంగు, గట్టి గుడ్డ, నాలుగు చక్రాలు. ఆ నాలుగింటిలో ఒకటి ఇప్పుడు లేదు. అది ఎక్కడ పోయిందో, ఎవరి వల్ల పోయిందో చెబుతాను. చెప్పడానికే ఇలా నోరు తెరుచుకుని కూర్చున్నాను. జిప్పు పాడైంది కాబట్టి నోరు ఎలాగూ మూతపడదు. అందర్నీ క్షమించేశానని చెప్పి మీ చేత మంచిదాన్ననిపించుకోవాలని నాకు లేదు. నేను పగ పట్టాను, తీర్చుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు నిండినట్టుంటుంది.

ముంబయి పక్కన ఒక పెద్ద రేకుల షెడ్డులో పుట్టాను. నా లోపలి గుడ్డ కుట్టినామె ఆ రోజు ఇంటికి పోయే తొందరలో అర పక్కన జానెడు కుట్టు వదిలేసింది. తనిఖీ చేయాల్సినాయన నా మూత ఒకసారి తెరిచి, ఒకసారి మూసి, వీపు మీద చీటీ అతికించి పంపేశాడు. అరలో పెట్టిన పల్చటి కాగితం ఏదైనా ఆ సందులోంచి జారి, గుడ్డకూ అట్టకూ మధ్య పడిపోతుంది. అప్పట్లో దాన్ని నా లోపమనుకుని సిగ్గుపడేదాన్ని.

ఒక రంగుల కంపెనీ మమ్మల్ని టోకున కొని డీలర్లకు బహుమతిగా పంచింది. అలా తణుకు చేరాను. కొట్టు పేరు శ్రీ శశి పెయింట్స్. బోర్డు మీదున్న శశి ఉత్త పేరు కాదు, మనిషి. శశిరేఖ. ఆవిడ భర్త పట్టాభి గారు పెళ్ళయిన కొత్తలో ఏవో పన్నుల లెక్క చూసుకుని డీలర్‌షిప్పు ఆవిడ పేరున తీసుకున్నారు. మన ఊళ్ళలో ఇది మామూలే. భార్య పేరు బోర్డు మీదుంటుంది, భర్త కుర్చీలో ఉంటాడు. అయితే ఇక్కడ కుర్చీ కూడా శశిరేఖదే. పొద్దున తొమ్మిదింటికి షట్టరు ఎత్తేది, మేస్త్రీలతో బేరాలాడేది, మిషను ముందు నిలబడి రంగులు కలిపేది ఆవిడే. పట్టాభి గారు మధ్యాహ్నం వచ్చి ఫ్యాను ముందు కూర్చుని పేపరు తిరగేసి, "అమ్మకాలు ఎలా ఉన్నాయే?" అని అడిగి వెళ్ళిపోయేవారు.

నన్ను పెట్టెలోంచి తీసిన రోజు శశిరేఖ సన్న కుంచెతో నా మూత లోపలి వైపు తన పేరు రాసుకుంది. రాసిన రంగు నీలం. ఆ ఏడు కంపెనీ రంగుల కార్డులో కొత్తగా వచ్చిన సాంటోరినీ నీలం. తణుకులో సగం దేవుడి గదులకు ఆవిడే ఆ రంగు కలిపి ఇచ్చింది. గ్రీసు దేశంలో సముద్రం పక్కన తెల్ల గోడల మీద నీలం గుమ్మటాలు ఉంటాయని కార్డు వెనక బొమ్మ ఉండేది. "నిజంగా ఇలాగే ఉంటదా, వీళ్ళు అచ్చు వేసేటప్పుడు పెంచేశారా?" అని ఆ బొమ్మను కిటికీ వెలుగులో పెట్టి చూసేది. రోజూ తన చేత్తో కలిపే రంగు అసలు ఎలా ఉంటుందో చూడాలని ఆవిడ కోరిక. అంతకు మించి ఏమీ లేదు. ఆ రోజే మూడు చీరలు మడతపెట్టి నాలో సర్దేసింది. ఆ ఏడు టార్గెట్ దాటిన డీలర్లను కంపెనీ విదేశీ యాత్రకు తీసుకెళ్తోందని విన్నది మరి.

పట్టాభి గారు వచ్చి ఆ మూడు చీరలూ తీసి మంచం మీద పడేశారు.

"ఒక్కళ్ళకేనంట టిక్కెట్టు. మొగోళ్ళ టూరది. అయినా నువ్వెళ్తే అమ్మనెవరు చూస్తారు?" అన్నారు. చీరలున్న చోట ఆయన పొట్టి నిక్కర్లు వచ్చి చేరాయి. నా పగ పుట్టింది సరిగ్గా ఆ నిమిషంలోనే.

ఇక ఏ దేశం వెళ్ళాలో ఆయన ఎలా తేల్చేవారో వినండి. కంపెనీ ఏటా మూడు దేశాలు రాసి ఫారం పంపేది. అందులో మనకు నచ్చిన దానికి టిక్కు పెట్టాలి. జనం మ్యాపు చూస్తారు, వాతావరణం చూస్తారు, అక్కడ ఏముందో నలుగుర్నీ అడుగుతారు. పట్టాభి గారు గన్నిబాబుకు ఫోను చేసేవారు. గన్నిబాబుది ఊళ్ళో ఇనుప సామాను కొట్టు, పట్టాభి గారికి పేకాట జోడీ. మొదటిసారి బ్యాంకాక్, ఎందుకంటే మసాజులు. రెండోసారి దుబాయి, ఎందుకంటే వెళ్ళొచ్చామని చెప్పుకుంటే బావుంటుంది. మూడోసారి బాకూ. ఆ ఊరు ఏ దేశంలో ఉందో ఇద్దరికీ తెలియదు, మందు మంచినీళ్ళంత చవకని మాత్రం గన్నిబాబు ఎక్కడో విన్నాడు. నాలుగోసారి మళ్ళీ బ్యాంకాక్. ఈసారి కారణమే లేదు. మధ్యలో రెండుసార్లు ఫారంలో గ్రీసు వచ్చింది. రెండుసార్లూ ఎర్ర పెన్నుతో కొట్టేసి, "రాళ్ళూ రప్పలూ చూడ్డానికి అంత దూరమెందుకురా" అని నవ్వుకున్నారు.

నేను నాలుగు విదేశీ యాత్రలు చేశాను. చూసింది నాలుగు మంచాల అడుగు. నన్ను లోపలికి తోసి, తిరుగు ప్రయాణం రోజు ఈడ్చేవారు. మొదటి బ్యాంకాకులో హోటలు వరండాలో గన్నిబాబు నా మీద గుర్రం ఎక్కినట్టు ఎక్కి తొయ్యమన్నాడు, నా చక్రం అక్కడే విరిగింది. దుబాయి నుంచి వచ్చేటప్పుడు నాలో సీసా పగిలింది. ఆ కంపు ఎన్నాళ్ళయినా వదల్లేదు. నేను ఊరుకున్నానా? బాకూ ఎయిర్‌పోర్టులో సామాన్లు తిరిగే బెల్టు మీద మూత తెరుచుకుని ఆయన బనీన్లు మూడు చుట్లు ఊరేగించాను. జనం దారి ఇచ్చి మరీ చూశారు. కానీ అది చిల్లర పగ. దాంతో నా ఆకలి తీరలేదు.

అసలు పగ నా కడుపులో పెరుగుతోంది. యాత్రకు వెళ్ళిన ప్రతిసారీ ఆయన అరలో పెట్టిన కాగితాలు ఆ విడిచిన కుట్టులోంచి జారి నా లోపల చేరేవి. పోయాయనుకుని ఆయన వెతకనే లేదు. నేను ఒక్కటీ పోనివ్వలేదు.

తిరిగొచ్చిన ప్రతిసారీ శశిరేఖ గుమ్మంలోనే అడిగేది, "ఎలా ఉందండీ?" అని. ఆయన జవాబు ఎప్పుడూ ఒకటే.

"ఏముందే అక్కడ! ఆడోళ్ళు చూసేదేం లేదు."

పోయిన ఆషాఢంలో ఆయన తన చేత్తో తనే గొయ్యి తవ్వుకున్నారు. అయిదో యాత్ర దగ్గర పడుతోంది. "ఈ పెట్టె కంపు కొడతంది, కడిగి ఎండలో పెట్టు" అని నన్ను భార్యకు అప్పజెప్పారు. ఆవిడ డాబా మీద నా లోపలి గుడ్డ సబ్బునీళ్ళతో రుద్దుతుంటే చేతికింద గరగరమంది. వేళ్ళు పెట్టి లాగింది. ఒకటి, రెండు, మూడు, నాలుగు ఉత్తరాలు వచ్చాయి. అన్నీ కంపెనీకి ఆవిడ రాసినట్టున్న ఉత్తరాల నకళ్ళు. అన్నిటి కిందా ఆవిడ సంతకం. నెలనెలా పన్ను కాగితాల బొత్తితో కలిపి ఆయన చూపించిన చోటల్లా సంతకం పెట్టడం ఆవిడకు అలవాటు, అందులో ఇవీ కలిసిపోయాయి. "మా అత్తగారు మంచం పట్టినందున, నా ఆరోగ్యం కూడా బాగుండనందున, దంపతులకు ఇచ్చిన రెండు టిక్కెట్ల మీద నా భర్తనూ ఆయన మిత్రుడినీ పంపుతున్నాను" అని ఉంది. గ్రీసును ఎర్ర పెన్నుతో కొట్టేసిన ఫారాల నకళ్ళు కూడా రెండు దొరికాయి.

ఆవిడ ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. కాగితాలు ఆరబెట్టి, మడతపెట్టి, మళ్ళీ నాలోనే పెట్టి జిప్పు వేసింది. ఆ మనిషి మీద నాకు అప్పుడు కలిగిన ప్రేమ అంతా ఇంతా కాదు.

వారం తర్వాత, మా ఊరికి కొత్తగా వేసిన కంపెనీ ఆఫీసరు మురళి ఫారం పట్టుకుని వచ్చాడు. మా వైపు ఆఫీసరు వస్తే భోజనం ఇంట్లోనే. పట్టాభి గారు, మురళి విస్తళ్ళ ముందు కూర్చున్నారు. ఎదురుగా కుర్చీలో కోటమ్మ గారు, అంటే పట్టాభి గారి తల్లి, మునక్కాడలు కోస్తున్నారు. డెబ్బై దాటినా రోజూ నడిచి వెళ్ళి కూరగాయలు తెచ్చేది ఆవిడే.

"ఈసారి గ్రీసు, థాయిలాండు, వియత్నాం అండి" అన్నాడు మురళి.

"బ్యాంకాకే రాసుకోండి" అన్నారు పట్టాభి గారు పప్పు కలుపుతూ.

మురళి మర్యాదకి శశిరేఖ వైపు తిరిగాడు. "ఫైల్లో మీ ఉత్తరాలు చూశానండి. మేడమ్ గారికి ఇంకా కులాసాగా లేదాండి? మంచంలో ఉన్న పెద్దావిడకి ఎలా ఉందండి? ఈ అమ్మగారు మీ అమ్మగారాండి?"

కోటమ్మ గారి కత్తి ఆగింది. "ఎవరయ్యా మంచంలో ఉన్న పెద్దావిడ?"

శశిరేఖ గదిలోకి వెళ్ళి నన్ను ఈడ్చుకొచ్చింది. మూడు చక్రాల మీద నేను చేసిన చప్పుడుకు పట్టాభి గారు తలెత్తారు. ఆవిడ జిప్పు లాగి, ఉత్తరాలు తీసి ఒక్కోటీ చదివింది. గొంతు పెంచలేదు. ఆయన ఎంగిలి చేత్తోనే లేచి నా మీద పడి మూత నొక్కి జిప్పు లాగబోయారు, ఇంకా లోపల ఏమున్నాయోనని. అక్కడే నేను నా జిప్పు తెంపుకున్నాను. ఇక మూతపడే ప్రసక్తి లేదు. మిగిలిన రెండు ఫారాలూ కోటమ్మ గారి కాళ్ళ దగ్గర పడ్డాయి.

"నేను మంచం పట్టానేంట్రా?" అన్నారు కోటమ్మ గారు. "మొన్న మార్కెట్ నుంచి పదికేజీల బియ్యం మోసుకొచ్చింది ఎవరు, నీ గన్నిబాబా? నన్ను చూపించి దీన్ని ఇంట్లో కట్టేశావా? నాలుగేళ్ళూ ఇది నా వల్లే ఆగిపోయిందనుకుంటా ఉండుంటది గదరా!"

"అది కాదమ్మా, కంపెనీ రూల్సు..."

"రూల్సు అలాంటివేం లేవండి" అన్నాడు మురళి, విస్తట్లోకి చూస్తూ.

శశిరేఖ ఫారం అందుకుంది. "డీలరు నేనే గదండీ. దేశం నేనే రాస్తాను" అని గ్రీసు పక్కన టిక్కు పెట్టింది. రెండో పేరు రాయాల్సిన గడి దగ్గర పెన్ను ఆగింది. పట్టాభి గారు మూతి తుడుచుకుని నెమ్మదిగా నవ్వు తెచ్చుకున్నారు. మొగుడు గదా, ఎంతైనా తన పేరే రాస్తుందనుకున్నారు. ఆవిడ ఆయన వైపు చూసి, ఆ నవ్వు పూర్తిగా వచ్చేదాకా ఆగి, అప్పుడు రాసింది. కోటమ్మ.

"నేనా? నాకేం తెలుసే అమ్మాయ్ అక్కడ?" అన్నారు కోటమ్మ గారు.

"మిమ్మల్ని చూసుకోవాలి గదండీ అత్తయ్య గారూ. ఇంట్లో వదిలేసి ఎలా వెళ్తాను?"

నన్ను తీసుకెళ్ళలేదు. నోరు మూతపడని సూట్‌కేసు ప్రయాణానికి పనికిరాదు. కొత్త నీలం పెట్టె వెళ్ళింది. కోటమ్మ గారు రెండు స్వెట్టర్లు, ఆవకాయ సీసా సర్దుకున్నారు. నిజం చెప్పాలంటే నాకు కడుపు మండింది. పగ తీర్చుకోవడానికి నా దగ్గరున్నది ఆ జిప్పు ఒక్కటే, ఇచ్చేశాను. నన్ను కొట్లో బల్ల పక్కన పెట్టి పాత కలర్ కార్డులు నింపారు. అక్కడి నుంచి పట్టాభి గారు బాగా కనపడేవారు. తొమ్మిది రోజులు షట్టరు ఆయనే ఎత్తారు. ఒక మేస్త్రీకి సాంటోరినీ నీలం బదులు వంకాయ రంగు కలిపి ఇచ్చారు. గృహప్రవేశం ముందు రోజు ఆ ఇంటివాళ్ళందరూ కొట్టు మీదకి వచ్చారు. ఆయన చెమట తుడుచుకుంటుంటే ఫ్యాను కూడా ఆయన వైపు తిరగలేదు. మంచాల అడుగున గడిపిన నాలుగు యాత్రలకూ ఆ తొమ్మిది రోజులతో సరిపెట్టుకున్నాను.

తిరిగొచ్చిన రోజు శశిరేఖ అత్తగారితో నేరుగా కొట్టుకే వచ్చింది. ముఖం ఎండకు నల్లబడింది. కార్డు తీసి ఆ నీలం మీద వేలు పెట్టి, తనలో తనే ఏదో సరిచూసుకుని, మళ్ళీ పెట్టేసింది. అది నిజమో అబద్ధమో ఎవరికీ చెప్పలేదు. తర్వాత వచ్చే ఏడు ఫారం గురించి మురళికి ఫోను చేసింది. "బ్యాంకాక్, దుబాయి, బాకూ, మా ఆయన వెళ్ళిన చోట్లకల్లా వరసగా వెళ్తాను, ఆయనకి కనపడనిదేంటో చూడాలి" అని చెప్పింది.

పట్టాభి గారు బల్ల వెనక నుంచి లేచి, తడబడుతూ అడిగారు.

"ఎలా ఉందే?"

శశిరేఖ చీర కొంగు దోపుకుని మిషను ముందుకు నడిచింది.

"ఏముందండీ అక్కడ! మొగోళ్ళు చూసేదేం లేదు."

నా నోరు ఎలాగూ తెరిచే ఉంది కదా. కోటమ్మ గారి కంటే ముందు నేనే నవ్వాను.