మూడోవంతు కోత

చేతిలో కొలతల టేపు లేకుండా ఆమెను ఎవరూ చూసి ఎరగరు కనుక, ఇంటిల్లిపాదీ టేపమ్మ అనే పిలుస్తారు. ఆమె అక్క భర్త, అంటే బావ, పాత ఇళ్ళు కొని, బాగుచేయించి, లాభానికి అమ్ముతాడు. కొనేముందు మరమ్మతుకు ఎంతవుతుందో చెప్పే పని మరదలికి అంటగట్టాడు.

ఇద్దరి మధ్యా ఒక అలవాటు ముదిరిపోయింది. ఆమె ఏ అంకె చెప్పినా బావ అందులో మూడోవంతు కోసేస్తాడు. అది తెలిసి ఆమె ముందే సగం కలిపి చెబుతుంది. ఆరు లక్షల పనికి తొమ్మిదంటుంది. ఆయన బేరమాడి ఆరుకు దించి, మరదల్ని ఓడించానని మీసం మెలేస్తాడు. పని ఆరులోనే పూర్తవుతుంది. ఎవరి సంబరం వాళ్ళది.

ఈసారి మాత్రం ఆమెకు కాలు నిలవడం లేదు. ఇవాళ చూడవచ్చిన ఈ ఇంటికోసం బావ తాము కాపురముంటున్న ఇంటినే తాకట్టు పెడుతున్నాడు. అక్కా, పిల్లలూ, తనూ తలదాచుకునేది అందులోనే. పైగా ఇంకెవరో కొనడానికి వస్తున్నారని బ్రోకరు పొద్దున్నుంచీ తరుముతున్నాడు. అతనూ, ఇల్లు అమ్మే పెద్దాయనా ముందుగదిలో గడియారం చూసుకుంటూ కూర్చున్నారు.

ఆమె ఆ గదీ ఈ గదీ తిరిగింది. కుళాయిలు తిప్పింది, తలుపులు మూసి తెరిచింది, మెట్లు ఎక్కి దిగింది, మళ్ళీ ఎక్కింది. వంటగదిలోకి వచ్చి తలెత్తి చూసింది. ఇల్లంతా రంగు వెలిసిపోయి ఉంటే, అక్కడి పైకప్పు ఒక్కటే కొత్తగా మెరిసిపోతోంది. దానిపైన ఉన్నది స్నానాలగది. కుర్చీ ఎక్కి తాళంచెవితో తట్టింది. డొల్ల చప్పుడు. ఇంకో మూల తట్టింది. అక్కడా డొల్లే. పైనుంచి నీళ్ళు దిగి లోపల చువ్వలు తుప్పుపట్టాయి. స్లాబు మొత్తం పగలగొట్టి కొత్తది పోయాల్సిందే.

బావ వచ్చాడు. "ఏం టేపమ్మా, ఎంత?"

కంగారులో కలపడం మరిచిపోయింది. "పద్దెనిమిది లక్షలు బావా."

"అంటే పన్నెండు," అన్నాడు బావ హుషారుగా. "పన్నెండైతే గిట్టుబాటే. పదిహేను దాటితేనే మనం మునిగేది."

"కాదు బావా! ఇవాళ నేనేం కలపలేదు. పద్దెనిమిదంటే పద్దెనిమిదే."

"ఆ మాట ప్రతి ఇంటి దగ్గరా అంటావు కదమ్మా."

"అక్క మీద ఒట్టు."

"పోయినసారి పిల్లల మీద వేశావు." నవ్వుకుంటూ చెక్కుబుక్కు తీసి ముందుగదిలోకి నడిచాడు.

నిజమే, వేసింది. ప్రతిసారీ ఏదో ఒక ఒట్టు వేస్తూనే ఉంది. ఇప్పుడు నిజం చెబితే నమ్మే దిక్కు లేదు. ఆమెకు ఒళ్ళు మండిపోయింది, బావ మీదో తన మీదో తెలియలేదు. బయానా ఇవ్వనిదే పరాయి ఇంట్లో మేకు కూడా పీకకూడదన్నది ఈ పనిలో ఉన్నవాళ్ళందరూ పాటించే కట్టుబాటు. అయినా సంచిలోంచి సుత్తి తీసి, మళ్ళీ కుర్చీ ఎక్కి, కళ్ళు మూసుకుని ఒక్కటి వేసింది.

పైకప్పు పెచ్చులు పెచ్చులుగా ఊడి పొయ్యిగట్టు మీద పడింది. ముందుగదిలోంచి ముగ్గురూ పరుగెత్తుకొచ్చారు. పైన బయటపడ్డ చువ్వలు ఎర్రగా, పుల్లల్లా సన్నబడి ఉన్నాయి.

"ఎవరిల్లనుకున్నావ్? పోలీసుల్ని పిలుస్తాను!" అంటూ పెద్దాయన చిందులు తొక్కాడు.

"ఈవిడను ఇక ఏ గడపా తొక్కనివ్వను," అన్నాడు బ్రోకరు.

బావ తలెత్తి ఆ చువ్వలవైపే చూస్తూ నిలబడ్డాడు. తర్వాత చెక్కుబుక్కు జేబులో పెట్టేసుకున్నాడు.

"ఈ పగలగొట్టినదానికి పూత వేయించాలంటే ఎంతవుతుంది?" అని మరదల్ని అడిగాడు.

"నాలుగు వేలు."

ఈసారి బావ అందులో పైసా కోయలేదు. పర్సు తీసి, నాలుగు వేలూ పెద్దాయన చేతిలో పెట్టాడు. ఇకమీద తను ఏ అంకె చెబితే అదే లెక్కన్న సంగతి టేపమ్మకు అప్పుడు తట్టింది. కుర్చీ మీదనుంచి దిగబోయి, దిగలేక, బావ భుజం పట్టుకుంది.

"దిగమ్మా," అన్నాడు బావ. "ఇంటికి పోదాం."