మార్తమ్మ సిస్టరు నా గొంతు చూసిన బుధవారం

నేను ఒక కార్బురేటర్ని. పేరు చూసి బెదరకండి, నా పని చిన్నదే. పెట్రోలునీ గాలినీ తగుపాళ్ళలో కలిపి ఇంజనుకి పడతాను. అల్యూమినియం కరిగించి నన్ను పోత పోశారు, సన్నటి బెజ్జాలు తొలిచారు, ఒక తెల్ల కారులో బిగించారు. మొదట విశాఖపట్నంలో ఒక ప్లీడరుగారి దగ్గర పదకొండేళ్ళున్నాను. వారానికోసారి బీచికి తీసుకెళ్ళి, మిగతా ఆరు రోజులూ కారుకి గుడ్డ కప్పేవాడు. అదే ప్రేమ అనుకునేవాడు పాపం!

తర్వాత పాడేరులో టాక్సీ నడిపే తవిటయ్య చేతిలో పడ్డాను. మంచివాడే. కాకపోతే ఏ తప్పయినా ఎదుటివాళ్ళదే అంటాడు.

చలికాలం పొద్దున్నే ఇంజను బిర్రబిగుసుకుని ఉంటుంది. అప్పుడు దానికి గాలి తక్కువ, పెట్రోలు ఎక్కువ పట్టాలి. అందుకే నా గొంతులో చోక్ అని చిన్న రేకుంది. డ్రైవరు తన ముందున్న బుడిపె లాగితే అది మూసుకుని గాలిని ఆపుతుంది. ఆ డిసెంబరులో బుడిపె ఎంత లాగినా రేకు కదల్లేదు. ఎందుకో నాకు తెలుసు, చెప్పడానికి నోరేదీ?

ప్రతి బుధవారం ఆసుపత్రి నర్సు మార్తమ్మ సిస్టరు కొండమీది ఊళ్ళకి పిల్లల టీకాలు తీసుకెళ్ళేది మా కారులోనే. తవిటయ్యకి ఏడాది పొడుగునా నమ్మకంగా దొరికే పని అదొక్కటే. వరసగా రెండు వారాలు ఆలస్యమైంది. తల్లులు చంటిపిల్లల్నెత్తుకుని చూసి చూసి పనుల్లోకి వెళ్ళిపోయారు. "మళ్ళీ ఇలాగైతే జీపు మాట్లాడుకుంటాను తవిటయ్యా, ఏమీ అనుకోకు" అని సిస్టరు మెత్తగానే చెప్పింది.

మూడో బుధవారమూ అదే గోల. ఎదురుచూసి విసిగి సిస్టరే టీకాల పెట్టెతో సహా తవిటయ్య ఇంటికొచ్చింది.

"బ్యాటరీ కొత్తది, ప్లగ్గులు కొత్తవి. ఈ దిక్కుమాలిన కార్బురేటరే సిస్టరమ్మా! పీకి పారేత్తాను!" అన్నాడు.

ఆవిడ రోగిని అడిగినట్టే అడిగింది. "మధ్యాహ్నం ఎలా ఉంటుంది?"

"ఒక్క తిప్పుకే అందుకుంటాది."

"వేసవిలో?"

"నిక్షేపంలా ఉండీది."

"అయితే రోగం చలికే బయటపడుతోంది. నోరు తెరిపించు, గొంతు చూస్తాను."

తవిటయ్య నసుగుతూనే నా మీది గాలి వడపోసే డబ్బా తీశాడు. సిస్టరు పిల్లల గొంతులు చూసే టార్చి వేసి వంగింది. రేకు మూసుకోకుండా ఇనప తీగతో గట్టిగా కట్టి ఉంది.

"ఎవరు కట్టారిది?"

"పాత ఓనరై ఉంటాడమ్మా."

పాపం ప్లీడరుగారు! నాకు ఒళ్ళు మండిపోయింది. సిస్టరు ఆ ముడిని ఒకసారి పరీక్షగా చూసి తీగ విప్పింది. బుడిపె లాగితే రేకు మూసుకుంది, మూడో తిప్పుకి ఇంజను అందుకుంది. కాస్త వేడెక్కాక బుడిపె లోపలికి నెట్టేసి బయల్దేరాం.

ఘాట్‌లో రెండు మలుపులు దాటాక తవిటయ్య గొంతు తగ్గించాడు. "ఆ తీగ కట్టింది నానే సిస్టరమ్మా. ఎండాకాలం పెట్రోలు తాగేస్తందని కట్టి మరిసిపోనాను. గుర్తొచ్చేసరికి సెప్పుకోడానికి సిగ్గేసింది."

"తెలుసులే. వారంవారం నా పెట్టెకి తాడు కట్టేది నువ్వే కదా, ఆ ముడి నాకు కొత్తా?"

"మరి అక్కడే అడిగీలేకపోయారా?"

"మీ ఆవిడ గుమ్మంలో నిలబడి ఉంది కదయ్యా."

తవిటయ్య కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ ఆ కొండ కొసదాకా ఒక్క దగ్గు దగ్గకుండా ఎక్కాను.